తడి కట్టె

గోకవరం దగ్గర ఒక ఊరి రామాలయం కమిటీవాళ్ళు పోయిన మాఘమాసంలో రాజమండ్రిలో మా ఇంటికొచ్చారు. నలుగురు. ఒకాయన కొబ్బరికాయల వ్యాపారి, ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు, మిగతా ఇద్దరూ రైతులు. కళ్యాణం చందాల్లో మిగిలిందీ, కువైట్‌లోనూ అమెరికాలోనూ ఉన్న ఊరి పిల్లలు పంపిందీ కలిపి ఊరికి ఒక అంబులెన్సు కొందామని తీర్మానం రాసుకున్నారట. నేను ముప్పై రెండేళ్ళు బళ్ళ కింద పడుకున్నవాణ్ణి. మొదట లారీలు, చివరి పదిహేనేళ్ళూ అంబులెన్సులు. నన్నడిగితే తేలిపోతుందని వాళ్ళకెవరో చెప్పారు.

"మేస్త్రిగారూ, ఎక్కువ అక్కర్లేదండి. ఒక్క ముక్క చెప్పండి. డీజిలా, పెట్రోలా?"

చెప్పలేకపోయాను. కాఫీలు తాగి లేచారు. మెట్లు దిగుతూ మాస్టారు, "ఇన్నేళ్ళు చేసిన పనే కదండీ" అన్నారు. నొప్పించాలని కాదు, ఆశ్చర్యపోయి అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి బండి గురించి. రెండోది నేను చేసిన ఒక పని గురించి. ఆ రెండోది అప్పటిదాకా ఒక్కరికే చెప్పాను.

బండి సంగతి ముందు చెబుతాను. అదే సులువు.

పెట్రోలు ఇంజను గాలినీ పెట్రోలునీ ముందే కలుపుకుని లోపలికి పీలుస్తుంది. ఆ మిశ్రమాన్ని సుమారు పదో వంతుకి నొక్కాక ప్లగ్గు రవ్వ కొడుతుంది. డీజిలుకి ఆ ప్లగ్గు ఉండదు. ఉత్త గాలిని పీల్చి పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చెయ్యి చురుక్కుమనేలా వేడెక్కుతుంది కదా, అదే సూత్రం. ఇక్కడ గాలి ఐదువందల డిగ్రీలు దాటిపోతుంది. అందులోకి నాజిల్ డీజిలుని తుంపరగా చిమ్ముతుంది. చిమ్మిందే తడవు దానంతటదే అంటుకుంటుంది. ఐటీఐలో ఈ పాఠం విన్నరోజు నేను ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను, అగ్గిపుల్ల లేకుండా మంట పుట్టించొచ్చని. ముందు నువ్వు పొయ్యి కింద ఊదు, తర్వాత చూద్దాం అంది.

ఈ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్‌ది తీరని ఆశ. ఆవిరి యంత్రం బొగ్గులోని శక్తిలో పదోవంతైనా పనికి తేవడం లేదు, నూటికి తొంభై వంతులు గాల్లో కలిసిపోతున్నాయి, ఇది అన్యాయం అనుకున్నాడు. 1897లో జర్మనీలో ఆయన నిలబెట్టిన ఇంజను 26 శాతం దాకా పట్టుకుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో అలాంటి ఇంజనునే వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. 1913లో ఇంగ్లండు వెళ్తూ రాత్రిపూట ఓడలోంచి మాయమైపోయాడు. దూకాడో, పడ్డాడో, తోశారో ఈనాటికీ తేలలేదు. నేను నాజిల్ విప్పి కిరసనాయిల్లో కడుగుతున్నప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. తన పేరుని మసితో కలిపి తలుచుకుంటారని ఊహించి ఉండడు.

మా ఘాట్‌రోడ్డు తెలిసినవాళ్ళకి డీజిలు గొప్ప చెప్పక్కర్లేదు. రంపచోడవరం దాటి మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు వెళ్ళే దారిలో రెండో గేరు, మూడో గేరు తప్ప మరోటి పడదు. బండిలో స్ట్రెచరు, ఆక్సిజన్ సిలిండర్లు, రోగి, రోగితో ఇద్దరు ముగ్గురు, టెక్నీషియను, పైలట్. 108 బండి డ్రైవర్ని పైలట్ అనే అంటాం. అంత బరువుతో మలుపు తిరిగి ఎత్తు ఎక్కాలంటే ఇంజను తక్కువ చుట్లలోనే గట్టిగా లాగాలి. డీజిలు ఆ పని గేదెలా చేస్తుంది, తల వంచుకుని. పెట్రోలు బండి అదే ఎత్తుకి అరుస్తుంది, చుట్లు పెంచాలి, గేరు దింపాలి, నూనె తాగేస్తుంది. లీటరుకి లీటరు చూసినా డీజిల్లో శక్తి పది శాతం పైనే ఎక్కువ. పైగా నిప్పు భయం. పెట్రోలు ఆవిరి మామూలు ఎండలోనే రవ్వ తగిలితే అంటుకుంటుంది. డీజిలు అంత తొందరగా అంటుకోదు, వేడి చెయ్యాలి. ఆక్సిజన్ మోసే బండికి ఇది చిన్న విషయం కాదు. 1980ల్లో అమెరికాలో పెట్రోలు అంబులెన్సులు నిప్పంటుకుంటున్నాయని వేల బళ్ళని వెనక్కి పిలిపించారు. ఆ తర్వాత అక్కడ చాలాకాలం డీజిలుదే రాజ్యం.

డీజిలు తప్పులు కూడా నాకు తెలుసు. ట్యాంకు ఖాళీ అయితే లైనులోకి ఎయిర్ పడుతుంది. పెట్రోలు బండికైతే రెండు లీటర్లు పోసి సెల్ఫ్ కొడితే చాలు. పాత డీజిలుకి చేతిపంపు కొట్టి, బోల్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా నిలబడాలి, లోపల రోగి మూలుగుతుంటే. చలికాలం తెల్లవారుజామున మారేడుమిల్లిలో హీటరు ప్లగ్గు పాడైతే ఆ బండి లేవదు. ఇక వణుకు. తుంటి విరిగిన ముసలాయన్ని డీజిలు బండిలో తెస్తే స్పీడ్ బ్రేకరు అక్కర్లేదు, ఇంజను ఆన్‌లో ఉంటేనే నొప్పి. మా టెక్నీషియన్లు ఊపిరితిత్తుల చప్పుడు వినాలంటే ఇంజను ఆపమనేవాళ్ళు, స్టెతస్కోపులో గుండె బదులు ఇంజనే వినపడుతోందని.

అన్నిటికంటే పొగ. మెకానిక్కులు జాతకం చెప్పినట్టు పొగని చదువుతారు. నల్లగా వస్తే గాలి తక్కువ, డీజిలు ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు మూసుకుందో, నాజిల్ కారుతోందో చూడాలి. నీలంగా వస్తే రింగులు అరిగి ఇంజన్ ఆయిలు పైకెక్కుతోంది. తెల్లగా వస్తే డీజిలు కాలకుండానే పోతోంది, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్ళు దిగుతున్నాయి. ముప్పై ఏళ్ళు ఈ మూడు రంగులూ ముక్కుతో చదివాను. యాభై నాలుగో ఏట దగ్గు పట్టుకుని వదలకపోతే కాకినాడలో ఛాతీ డాక్టరుగారు ఎక్స్‌రే పైకెత్తి చూసి, "రోజుకి ఎన్ని కట్టలు?" అన్నారు. బీడీ ముట్టుకోలేదండి అన్నాను. ఆయన నా గోళ్ళు చూశారు. ఇంకేమీ అడగలేదు. డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు విభాగం 2012లోనే దాన్ని మొదటి వర్గంలో, పొగాకు పక్కన, రాసి పెట్టింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు ఆ కాయితం మీదే నట్లు పోసుకుని పని చేసుకున్నాను.

ఇప్పుడు రెండోది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. డీజిల్లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దించారు. కొత్త డీజిలు బళ్ళ పొగగొట్టంలో పింగాణీ తేనెపట్టు లాంటిది ఒకటి పెట్టారు. డీపీఎఫ్ అంటారు. మసి అందులో చిక్కుకుంటుంది. బండి కాసేపు హైవే మీద ఆగకుండా పరిగెత్తితే ఆ పట్టు ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కి, చిక్కుకున్న మసి కాలిపోతుంది. మంచి ఏర్పాటు. కొత్త బండి పొగగొట్టంలో వేలు పెట్టి తిప్పితే వేలు తెల్లగానే బయటికొచ్చేది. మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక రెండో వేలు కూడా పెట్టాను.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, డిసెంబరులో, అలాంటి ఒక బండి ఘాట్ మీద మొరాయించింది. లోపల కొండరెడ్ల అమ్మాయి, నొప్పులు పడుతోంది. ఊరి నుంచి రోడ్డు దాకా డోలీలో మోసుకొచ్చారట. ఫిల్టరు లైటు వెలిగి, ఇంజను తన బలం తనే తగ్గించేసుకుంది. ఫిల్టరు పాడవకుండా కంప్యూటరు అలా చేస్తుంది. పైలట్ నాకు ఫోను చేసి, "బాబాయ్, ఇరవై దాటట్లేదు, ఏం చెయ్యమంటావ్" అన్నాడు. నేను రాజమండ్రిలో మంచం మీద కూర్చుని ఏం చెయ్యగలను? ఆపొద్దు, అదే గేర్లో పోనీ అన్నాను. టెక్నీషియను బండిలోనే కాన్పు చేశాడు. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు. దేవుడు మా వైపు ఉన్నాడు ఆ రాత్రి.

మర్నాడు పైనుంచి మాట వచ్చింది. ఎవరు, ఏ ఆఫీసు అన్నది అనవసరం. "ఆ పేగులు తీసెయ్ మేస్త్రీ. కొత్తది వేసే బడ్జెట్ లేదు. ప్రాణాలతో ఆటలా?" నేను కాదనలేదు. కాదనాలని కూడా అనిపించలేదు. డబ్బా కోసి, లోపలి పింగాణీ పగలగొట్టి, ఖాళీ డబ్బాని మళ్ళీ వెల్డింగు పెట్టించాను. లైటు వెలగకుండా కంప్యూటర్లో మార్పు ఒక కుర్రాడు చేశాడు. బండి గుర్రంలా అయిపోయింది. ఆ పింగాణీ ముక్కలు పాత బ్యాటరీ డబ్బాలో పోసి మూల పెట్టాను. ఎందుకు పారెయ్యలేదో తెలియదు.

ఆ బండిని తర్వాత ఊళ్ళో తిప్పారు. ఆస్పత్రి గేటు పక్కన ఇడ్లీబండి ఆవిడ ఉండేది. ఒకరోజు నన్ను పిలిచి, "మీ కొత్త బండి వస్తే నా గుడ్డ రెండుసార్లు మార్చాలొస్తంది బాబూ" అంది. ఇడ్లీ పళ్ళేల మీద పరిచే తడిగుడ్డ. తెల్లగుడ్డ మీద నువ్వులు చల్లినట్టు మసి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నా చేతులు చూసుకున్నాను.

నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంది. గీత పద్దెనిమిదో అధ్యాయంలో నిప్పు, పొగ పోలిక వస్తుంది. పుష్కరాల రేవు దగ్గర ప్రవచనంలో విన్నాను. ఏ పనికైనా ఏదో ఒక దోషం అంటుకునే ఉంటుందని, దానికోసం పని వదిలెయ్యకూడదని అక్కడి భావం. విన్నప్పుడు ఇది నాకోసమే చెప్పారనిపించింది. ప్రాణం కాపాడే బండి, పొగ తప్పదు. ఇంజన్ల మధ్య బతికినవాడికి ఇంతకంటే ఊరట ఏముంది? కొన్నాళ్ళు ఆ ఊరటతోనే నిద్రపోయాను.

కొవ్వూరులో, గోష్పాద క్షేత్రానికి వెళ్ళే దారిలో, ఒక పెద్దాయన ఉంటారు. అక్కడి గీర్వాణ విద్యాపీఠంలో చదువుకుని, జీవితమంతా తర్కం పాఠం చెప్పినాయన. ఆయన స్కూటరు నేనే చూసేవాణ్ణి. డబ్బు తీసుకోనంటే, బదులుగా పాఠం చెబుతానని కూర్చోబెట్టేవారు. నేను మొదటిసారి నూటెనిమిది బళ్ళు చూసే పని చేస్తానంటే, "మాకు నూటెనిమిదంటే జపమాలోయ్, మీకు బండా" అని నవ్వారు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనప్పుడు ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారో గానీ, ఆయనకి మాత్రం బాగా నచ్చింది. మూలిగేవాడు ఒత్తే అంకె జపసంఖ్య కావడం బావుందనేవారు.

ఒక ఆదివారం ఆయన స్కూటరు కార్బురేటరు శుభ్రం చేస్తూ మొత్తం చెప్పేశాను. ఘాటు, కాన్పు, పింగాణీ, ఇడ్లీగుడ్డ. చివర్లో గీత కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు:

"ఏమోయ్, ఇనప గుండు కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చావనుకో. అందులో నిప్పుందా?"

"ఉందండి."

"పొగ ఉందా?"

"లేదండి."

"మరి పొగ నిప్పుకి పుట్టిందని ఎవరన్నారు?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు పాఠం మొదలైంది. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని ఊహించొచ్చు, వంటింట్లో చూశాం కాబట్టి. మన సామెత కూడా అదే, నిప్పు లేనిదే పొగ రాదని. కానీ తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే తప్పు. కాలిన ఇనుములో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుతో పాటు మరొకటి కలవాలి. దాన్ని తర్కంలో ఉపాధి అంటారు. అది తడి కట్టె. ఈ ఉదాహరణ తర్కసంగ్రహంలోనే ఉందట. అది రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని చెబుతారు. చిన్నపిల్లలకి మొదట చెప్పే పుస్తకంలో ఉన్న ముక్క, నాకు యాభై ఆరో ఏట తెలిసింది.

"మరి గీతో?" అన్నాను, కాస్త పౌరుషంగానే.

"ఆ మాట పని మానేస్తానని కూర్చున్నవాడికి చెప్పిందోయ్. పొగ పెంచుకుంటానన్నవాడికి కాదు."

కార్బురేటరు బిగించి ఇచ్చి వచ్చేశాను. వంతెన మీద బండి ఆపి గోదావరి వైపు చూస్తూ నిలబడ్డాను. తడి కట్టె అనగానే నాకు తట్టింది నాజిల్ తుంపర. పెట్రోలు ముందే ఆవిరై గాలితో బాగా కలిసిపోతుంది. డీజిలు బిందువుగా వెళ్తుంది. ఆ బిందువు మధ్యలో ఉన్న నూనెకి గాలి అందదు, సగం కాలి మసి అవుతుంది. మా పొగ నిజంగానే తడి దగ్గర పుట్టే పొగ. ఆ పింగాణీ పట్టు ఆ తడిని ఆరబెట్టే ఎండ లాంటిది. నేను పగలగొట్టింది దాన్ని.

మర్నాడు షెడ్డుకెళ్ళి ఆ బండి లాగ్‌బుక్కు తీశాను. ఘాట్ మీద మొరాయించడానికి ముందు నెలంతా దాన్ని ఊళ్ళోనే వాడారు. రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు. ఆస్పత్రి గేటు దగ్గర బెడ్డు ఖాళీ లేక నలభై నిమిషాలు, గంట, లోపల రోగికి ఏసీ కోసం ఇంజను ఆన్‌లోనే. అలా నిలబడ్డ ఇంజను చాలినంత వేడెక్కదు, మసి కాలదు, పట్టులో పేరుకుంటుంది. ఫిల్టరు తనంతట తను కాల్చుకోబోతుంటే మూడుసార్లు పైలట్లు ఇంజను ఆపేశారు. వాళ్ళ తప్పూ లేదు. ఒకడికి డ్యూటీ అయిపోయింది, ఒకడికి టీ కావాలి, ఆ లైటుకి అర్థమేమిటో ఇంకొకడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే. అలాంటి బండిని ఏ పరుగూ పెట్టించకుండా తిన్నగా కొండెక్కించాం. ఫిల్టరు చెడ్డది కాదు. మేం కట్టెలు వానలో వదిలేసి, పొయ్యి మండలేదని పొయ్యిని పగలగొట్టాం.

ఇక్కడ నాకొక పేచీ మిగిలే ఉంది, గురువుగారితోనే. ఆ రాత్రి ఘాట్ మీద తడేమిటి, ఆరబెట్టడమేమిటి? పిల్ల తల బయటికొస్తుంటే ఎవడైనా పొగ గురించి ఆలోచిస్తాడా? అమెరికాలో కూడా ఈ తగువు వచ్చింది. 2012లో అక్కడి పర్యావరణ సంస్థ అంబులెన్సులకీ అగ్నిమాపక బళ్ళకీ వెసులుబాటు ఇచ్చింది, పొగ నియంత్రణ పరికరం వల్ల ఆపదలో ఇంజను బలం తగ్గకుండా మార్చుకోవచ్చని. డీజిలు పొగని క్యాన్సరు జాబితాలో రాసిన ఏడాదే అది. ఒకే ఏడు, ఒక చోట పొగ చంపుతుందన్నారు, ఇంకోచోట ఈ బండికి పొగ కోసం ఆగొద్దన్నారు. రెండూ సరైనవే అని నా నమ్మకం. ఆ రాత్రి ఎంత పొగ వచ్చినా నేను తల దించుకోను. గురువుగారు కూడా దించుకోమనలేదు. తల దించుకోవాల్సింది మర్నాడు పొద్దున్నకి. అప్పుడు కాన్పు లేదు, కొండ లేదు, తొందర లేదు. లాగ్‌బుక్కు తీయడానికి అరగంట ఉంది. ఆ అరగంట వాడకుండా, రాత్రి వచ్చిన ఆపదని పగటికి అప్పు తెచ్చుకుని డబ్బా కోశాను.

కొత్త పట్టు వెయ్యడానికి బడ్జెట్ కోసం నాలుగుసార్లు కాయితం పెట్టాను. ఆరు నెలల మీద తొమ్మిది రోజులకి వచ్చింది. ఇడ్లీబండి ఆవిడకి ఆ సంగతి చెప్పలేదు. ఆ ఆరు నెలల లెక్క ఎవరి ఖాతాలో రాయాలో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో కూడా తెలియదు.

అయితే పెట్రోలే పుణ్యాత్మురాలా? నాకూ ఆ ఆశ కలిగింది. గురువుగారి దగ్గరికెళ్ళి, "పెట్రోలు ఇంజను మీ ఇనప గుండేనండి, నిప్పుంది, పొగ లేదు" అన్నాను, పరీక్ష పాసైన కుర్రాడిలా. ఆయన తొందరపడలేదు. "పొగ కనపడలేదా, లేదా?" అన్నారు.

అంతకుముందెప్పుడో జరిగింది గుర్తొచ్చింది. ఒక ప్రైవేటు ఆపరేటరు చిన్న పెట్రోలు వ్యాను, పేరు ఎందుకులెండి. రోగిని విశాఖ తీసుకెళ్ళి తిరిగొస్తుంటే వెనక కూర్చున్న ఇద్దరికీ తలనొప్పి, వాంతులు. ఎండ దెబ్బ అనుకున్నారు. అలవాటు లేని ప్రయాణం అనుకున్నారు. దారిలో భోజనానికి దిగితే తగ్గింది, మళ్ళీ ఎక్కితే మొదలైంది. ఆ డ్రైవరు అనుమానం వచ్చి నా దగ్గరికి తెచ్చాడు. కింద పడుకుని చూస్తే పొగగొట్టం జాయింటు దగ్గర వెంట్రుకవాసి పగులు, పైన నేల రేకుకి చిల్లు. పెట్రోలు ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చునే చోట అది కూర్చుంటుంది. వెనక స్ట్రెచరు మీద మాట రాని రోగి ఉండుంటే తలనొప్పని కూడా చెప్పేవాడు కాదు. డీజిలు బండి తప్పు చేస్తే ఊరంతా చూస్తుంది, తిడుతుంది. పెట్రోలు బండి తప్పు చేస్తే పక్కవాడికి తెలియదు.

ఇది చెబితే గురువుగారు అన్నారు, పొగ చూసి నిప్పుందనడం సరే, పొగ లేదని నిప్పు లేదనడం ఎప్పుడూ ఒప్పుకోలేదోయ్ మా వాళ్ళు అని. మనుషుల విషయంలో కూడా అంతేనా అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన ఎలాగూ అదే చెబుతారు.

కరెంటు అంబులెన్సుల సంగతి కూడా లెక్కల మాస్టారు అడిగారు తర్వాత. మంచివే అన్నాను, ఘాట్ మీద ఛార్జింగ్ పెట్టే చోటుంటే. పొగ మన పొగగొట్టం నుంచి మాయమై విజయవాడ థర్మల్ కేంద్రం పొగగొట్టానికి వెళ్తుందని కూడా అన్నాను. మళ్ళీ కాఫీ అయింది.

కమిటీవాళ్ళు రెండోసారి వచ్చినప్పుడు నేనే ప్రశ్నలడిగాను. ఊళ్ళోంచి నెలకి ఎంతమంది ఆస్పత్రికి బండి కట్టించుకుని వెళ్తున్నారు? ఎక్కడికి? అక్కడ ఎంతసేపు ఆగుతోంది? నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారికి రెండు వందల పేజీల నోటుబుక్కు కొనిచ్చి, నెల రోజులు రాయమన్నాను. ఆయన లెక్కల మాస్టారు కదా, గళ్ళు గీసి రాశారు. ఇరవై తొమ్మిది ప్రయాణాలు. అందులో పదహారు డయాలసిస్‌వే, ఇద్దరు మనుషులు, వారానికి రెండేసి సార్లు. కట్టు మార్చడానికి నాలుగు. ఆస్పత్రి నుంచి ఇంటికి తేవడం ఐదు. కాన్పులు రెండు, రెండిటికీ 108 వచ్చింది. పక్షవాతం ఒకటి. చనిపోయినాయన్ని తెచ్చింది ఒకటి. ప్రతిదీ రాజమండ్రికే, చదునైన రోడ్డు మీద. కొండ వైపు వెళ్ళింది ఒక్కటీ లేదు.

అంబులెన్సు అనగానే అందరి మనసులో సైరను, రక్తం, పరుగు. ఊళ్ళో ఎక్కువగా జరుగుతున్నది నీరసించిన మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళి, నాలుగు గంటలాగి, మరింత నీరసంతో తీసుకురావడం. మన దేశంలో అంబులెన్సులకి ఏఐఎస్-125 అని ఒక ప్రమాణం ఉంది. అందులో కూడా రోగిని చేరవేసే బండి వేరు, ప్రాణం నిలబెట్టే పరికరాలున్న బండి వేరు. మీకు కావలసింది మొదటిది అన్నాను. ఇలాంటి తిరుగుడుకి, ఇన్ని ఆగుళ్ళకి, డీజిలు ఫిల్టరు మూడు నెలల్లో గొంతు పట్టుకుంటుంది. పెట్రోలు చాలు. వణుకు తక్కువ, డయాలసిస్ అయిన మనిషికి అదే పదివేలు. రెండు షరతులు పెట్టాను. వెనక క్యాబిన్లో చిన్న కార్బన్ మోనాక్సైడు మీటరు, ఆర్నెల్లకోసారి పొగగొట్టం జాయింట్లు చూపించడం. ఆస్పత్రి దగ్గర ఇంజను ఆపడం, లోపల బ్యాటరీ ఫ్యాను.

"అయితే ఒక్క ముక్కలో పెట్రోలన్నమాట" అన్నాడు కొబ్బరికాయల ఆయన.

"మీ ఊరికండి" అన్నాను. మారేడుమిల్లిలో ఇదే ప్రశ్న అడిగితే డీజిలనే చెబుతాను. ఫిల్టరుతో.

వైశాఖంలో బండి వచ్చింది. తెల్లది. పక్కన రాముడి బొమ్మ, కింద దాతల పేర్లు, పేర్ల సైజు గురించి కమిటీలో చిన్న గొడవ కూడా అయిందట. గుడి ముందు నిలబెట్టి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. పూజారిగారు హారతి పళ్ళెం పట్టుకుని బండి చుట్టూ తిరగబోతుంటే నేను అడ్డం వెళ్ళి, "పంతులుగారూ, ఆ పక్కకి వద్దండి, పెట్రోలు మూత అటుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన ముందువైపే నిలబడి పెద్ద బిళ్ళ వెలిగించారు. కర్పూరం ఏమీ మిగల్చకుండా కాలిపోతుందంటారు, అందుకే దేవుడికి అదిస్తారని చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పేది. గాలి బండి వైపు తిరిగింది. హారతి కళ్ళకద్దుకుని చూస్తే, బానెట్ మీద గంధం స్వస్తికానికి జానెడు పైన, వేలెడంత నల్ల మరక. మాస్టారు జేబురుమాలు తీశారు. వద్దండి, పొడిగుడ్డతో రుద్దితే పరుచుకుంటుంది అన్నాను. డ్రైవరు కుర్రాణ్ణి పిలిచి, ఒక బొట్టు పెట్రోలుతో గుడ్డ తడిపి తెమ్మన్నాను.

"ముందు ఆ హారతి ఆరనివ్వు బాబాయ్" అన్నాడు వాడు.